ఎస్‌పీ రోడ్డులో కాక్‌పిట్ సరుకు: స్విచ్చులకు మార్కులు ఎక్కువ, లైట్లకు తక్కువ

కంప్యూటర్‌లో నడిపే ఫ్లైట్ సిమ్యులేటర్ కోసం ఇంట్లో సెస్నా 172 అనే చిన్న విమానం ప్యానెలో, బోయింగ్ 737 ఓవర్‌హెడ్డో (పైలట్ తలమీద ఉండే స్విచ్చుల పలక) కట్టుకోవాలనుకునే బెంగళూరు తెలుగువాళ్లకు సదర్ పత్రప్ప రోడ్డు, అదే ఎస్‌పీ రోడ్డు, ఎంతవరకు పనికొస్తుందన్నదే ఈ రివ్యూ. ఏ ఒక్క దుకాణం గురించో కాదు, ఆ వీధిలో దొరికే సరుకు గురించి. తీర్పు ముందే చెప్పేస్తే: టాగుల్ స్విచ్చులు (చిన్న లివర్‌ని అటూ ఇటూ వేసేవి), వైర్లు, కనెక్టర్లు, రెసిస్టర్లు, ఐసీలు (చిప్పులు) అక్కడే కొనండి. లోపల అక్షరాలు వెలిగే చదరపు బటన్లు, ఒకదాని మీద ఒకటి తిరిగే జంట నాబుల ఎన్‌కోడర్లు (తిప్పితే అంకెలు మార్చేవి), లాగితే తప్ప కదలని లాకింగ్ టాగుల్స్ కోసం మాత్రం తిరగొద్దు, కాళ్లు నొప్పులే మిగులుతాయి. ఎల్ఈడీలు కుప్పలుగా ఉంటాయి కానీ ఏది ఎంత వెలుగుతుందో అమ్మేవాళ్లకే తెలియదు.

గ్రీన్ లైన్ మెట్రోలో చిక్కపేటలోనో, కె.ఆర్. మార్కెట్ స్టేషన్‌లోనో దిగి నడిచి పోవచ్చు. కారు వద్దు, నిలపడానికి చోటుండదు. ఆదివారం చాలా షట్టర్లు మూసే ఉంటాయి. శనివారం సాయంత్రం కౌంటర్ దగ్గర నిలబడి ఒక్కో స్విచ్చూ పరీక్షిస్తానంటే ఎవరూ ఊరుకోరు, కాబట్టి వారం మధ్యలో పొద్దున్నే వెళ్లాలి. కన్నడ, హిందీ, తమిళం, తెలుగు ఏదైనా నడుస్తుంది. భాష కన్నా సరుకుని ఆ వీధిలో ఏమని పిలుస్తారో తెలియడం ముఖ్యం. మధ్యలో ఆగే టాగుల్ కావాలంటే ‘సెంటర్ ఆఫ్’ అనాలి. వేలు తీయగానే వెనక్కొచ్చేది ‘స్ప్రింగ్ రిటర్న్’, బటనైతే ‘పుష్ టు ఆన్’. రిబ్బన్ కేబుల్‌కి బిగించే కనెక్టర్‌ని ఎఫ్‌ఆర్‌సీ అని, చిన్న తెల్ల ప్లగ్గుల్ని రెలిమేట్ అని అడిగితే రెండో మాట లేకుండా డబ్బా తెస్తారు.

టాగుల్స్: ఈ వీధికి వెళ్లడానికి అసలు కారణం

మినీ టాగుల్ అంటే దాదాపు అన్నిచోట్లా ఎంటీఎస్ రకమే. బుష్ (ప్యానెల్ రంధ్రంలో దిగే మరల మెడ) 6 మి.మీ., ధర పదుల రూపాయల్లోనే. కాక్‌పిట్‌కి ఐదు రకాలు చాలు. ఎంటీఎస్-102 అంటే ఆన్-ఆన్: బీకన్, నావ్, స్ట్రోబ్ అనే బయటి లైట్లు, పిటాట్ హీట్ లాంటి వాటన్నిటికీ ఇదే. 103 సెంటర్ ఆఫ్, మూడు చోట్లా నిలుస్తుంది. 112 రెండు స్థానాలది, ఒకవైపు స్ప్రింగ్. 113 ఒకవైపు నిలిచి, మధ్యలో ఆగి, రెండోవైపు స్ప్రింగ్ రిటర్న్. 123 రెండువైపులా స్ప్రింగ్, మధ్యలో ఆఫ్. 737 జనరేటర్ స్విచ్చులకు ఈ 123 కావాలి. జీ1000 (స్క్రీన్ల ప్యానెల్) ఉన్న సెస్నా 172లో స్టాండ్‌బై బ్యాటరీ స్విచ్చుకి ఆర్మ్, ఆఫ్, టెస్ట్ అని మూడు స్థానాలుంటాయి. టెస్ట్ వైపు నొక్కి పట్టుకోవాలి కాబట్టి దానికి సరిగ్గా 113 సరిపోతుంది.

మార్కెట్లో 102, 103 ఎక్కడైనా దొరుకుతాయి. 113, 123 కోసం నాలుగైదు దుకాణాలు అడగాల్సి రావచ్చు. చూడ్డానికి అన్నీ ఒకేలా ఉండటం వల్ల ఒకే డబ్బాలో కలిసిపోయి ఉంటాయి. పక్కన అచ్చు వేసిన నంబరు చదవకుండా తీసుకుంటే 123 అనుకున్నది ఇంట్లో 103 అవుతుంది.

737లో ఏపీయూ (తోకలోని చిన్న సహాయక ఇంజన్) స్విచ్చు ఆఫ్, ఆన్, స్టార్ట్ అని ఉంటుంది. స్టార్ట్ నుంచి వదిలితే ఆన్‌కి వస్తుంది. దీనికి ప్రత్యేకమైన స్విచ్చు కోసం వెతికి అలిసిపోయేవాళ్లు చాలామంది. 113తోనే పని జరుగుతుంది. నిలిచే వైపు వైరుని ‘ఆఫ్’ అనుకోవాలి, మధ్యలో రెండు వైర్లూ తెరుచుకుని ఉండటమే ‘ఆన్’, స్ప్రింగ్ వైపు ‘స్టార్ట్’. సాఫ్ట్‌వేర్‌లో మొదటి వైరు కలిసినప్పుడు ఏపీయూ ఆఫ్ అని, విడిపోయినప్పుడు ఏపీయూ ఆన్ అని రాసుకుంటే చాలు.

కౌంటర్ దగ్గరే మల్టీమీటర్‌తో చూడాలి. బీప్ మోడ్‌లో మధ్య కాలికీ చివరి కాలికీ ప్రోబులు పెట్టి లివర్‌ని పదిసార్లు అటూ ఇటూ వేయాలి, తర్వాత లివర్‌ని పక్కకి కొంచెం నొక్కి పట్టి చూడాలి. బీప్ తెగితే పక్కన పెట్టేయడమే. ఇరవై కావాలంటే ఇరవై మూడు తీసుకోండి, అన్నీ ఒకే డబ్బాలోంచి తీసుకోండి. వేర్వేరు డబ్బాల సరుకులో లివర్ పొడవు, స్ప్రింగ్ బిగువు తేడాగా ఉంటాయి, వరసగా బిగించాక పళ్ల వరసలో ఒకటి వంకరగా ఉన్నట్టు కనిపిస్తుంది. ఆన్‌లైన్‌లో కొంటే ఈ ఎంపికకు వీలే లేదు. టాగుల్స్‌కి ఎస్‌పీ రోడ్డుకి ఐదుకి నాలుగున్నర ఇవ్వడానికి అసలు కారణం ఇదే.

స్విచ్చు మీద ‘6ఏ 125 వోల్ట్ ఏసీ’ అని ఉందని ఎక్కువ రేటింగ్ ఉన్నది ఏరుకోవడం అనవసరం, మన దగ్గర పారేది 5 వోల్టుల దగ్గర మిల్లీ ఆంపియర్‌లో భాగమే. పెద్ద రేటింగ్ స్విచ్చులే ఇక్కడ ఇబ్బంది పెడతాయి. వాటి వెండి కాంటాక్టుల మీద పేరుకునే నల్లపొరని అసలు వాడకంలో వచ్చే చిన్న స్పార్కు కాల్చేస్తుంది, 5 వోల్టుల్లో ఆ స్పార్కు ఉండదు. పక్కనే జేసీ రోడ్డు వాహనాల స్పేర్ పార్టుల దుకాణాల్లో 12 మి.మీ. బుష్ ఉన్న పెద్ద టాగుల్స్ దొరుకుతాయి. మామూలుగా దొరికే ఎర్ర మూత గార్డు బిగేది వాటికే, మినీ టాగుల్‌కి బిగదు. చేతికి అవే అసలు విమానం స్విచ్చుల్లా తగులుతాయి. కొన్ని నెలల తర్వాత అవి ఒకసారి పనిచేసి ఒకసారి చేయకపోతే ఆ పొరే కారణం. స్విచ్చుల్ని కంప్యూటర్‌కి కలిపే ఆర్డుయినో బోర్డు లోపలి పుల్-అప్ (పిన్నుని 5 వోల్టుల దగ్గర పట్టి ఉంచే రెసిస్టర్) 20 నుంచి 50 కిలో ఓమ్‌ల మధ్య ఉంటుంది, అంటే పారేది పావు మిల్లీ ఆంపియర్ లోపే. ఆ పెద్ద టాగుల్స్‌కి మాత్రం పిన్నుకీ 5 వోల్టులకీ మధ్య బయట 2.2 కిలో ఓమ్ ఒకటి పెడితే 2 మిల్లీ ఆంపియర్లు దాటుతుంది, బాధ చాలావరకు తగ్గుతుంది.

ఇక బిగించడం. మన ఇళ్లలో స్విచ్చు కిందికి నొక్కితే ఆన్. సెస్నా ప్యానెల్లో పైకి వేస్తే ఆన్, 737 ఓవర్‌హెడ్‌లో ఎక్కువ స్విచ్చులకి కిందికి వేస్తే ఆన్. ఎంటీఎస్ టాగుల్‌లో లివర్ పైకి వేస్తే మధ్య కాలు కలిసేది కింది కాలితో, ఎందుకంటే లోపలి పలక తక్కెడలా ఊగుతుంది. ఈ రెండూ గుర్తులేక తప్పు కాలికి టంకం వేస్తే ప్యానెల్ మొత్తం తలకిందులవుతుంది. ఇంకోటి, ప్రతి స్విచ్చుతో ఒక చిన్న కొక్కెం ఉన్న వాషర్ వస్తుంది, చాలామంది దాన్ని చెత్తలో వేస్తారు. ఆ కొక్కెం ప్యానెల్‌లో 2 మి.మీ. చిన్న రంధ్రంలో కూర్చుని, బుష్ మీద గాడిని పట్టుకుని స్విచ్చు తిరగకుండా ఆపుతుంది. అది లేకపోతే నట్టు వదులైన రోజు స్విచ్చు తిరిగిపోయి వెనక వైర్లు మెలిపడి తెగుతాయి. రంధ్రం 6.2 మి.మీ. ఉంటే బుష్ చక్కగా దిగుతుంది.

టంకం 350 డిగ్రీల దగ్గర, ఒక్కో కాలికి మూడు సెకన్ల లోపు. అంతకంటే పట్టుకుంటే అడుగు ప్లాస్టిక్ మెత్తబడి కాలు వంగుతుంది, బయటికి ఏమీ కనిపించదు, లోపల పలక సరిగ్గా కూర్చోదు.

రాకర్లు, తిరిగే స్విచ్చులు

సెస్నాకి రాకర్లు (ఇంటి లైటు స్విచ్చులా నొక్కితే ఊగేవి) కావాలి. చిన్నవి కేసీడీ1 రకం, కోత సుమారు 19 × 13 మి.మీ. ‘లైటున్న రాకర్’ అని అడిగితే చేతికొచ్చేది 230 వోల్టుల నియాన్ దీపం ఉన్నది, 5 వోల్టులకి అది మిణుకు కూడా అనదు. 12 వోల్టుల ఎల్ఈడీ రకం ఉంటుంది, అడిగి, వెనక రాసింది చదివి తీసుకోవాలి. ఈ గొడవ లేకుండా లైటు లేనివి కొనడం మేలు. మాస్టర్ స్విచ్చు మాత్రం ఇక్కడ దొరకదు. అసలు దానిలో రెండు భాగాలకీ లోపల లంకె ఉంటుంది: ఆల్టర్నేటర్ ఆన్ చేస్తే బ్యాటరీ కూడా ఆన్ అవుతుంది, బ్యాటరీ ఆపితే ఆల్టర్నేటర్ కూడా ఆగుతుంది. రెండు మామూలు రాకర్లు పక్కపక్కన పెట్టి, వాటి మధ్య సన్నని ప్లాస్టిక్ పట్టీ ఒకటి అంటిస్తే ఆ లంకె చాలావరకు వస్తుంది.

మాగ్నెటో తాళం, అంటే సెస్నా ఇంజన్ ఇగ్నిషన్ తాళం: ఆఫ్, రైట్, లెఫ్ట్, బోత్, స్టార్ట్ ఐదు స్థానాలు. వాహనాల ఇగ్నిషన్ తాళం అందంగా ఉంటుంది కానీ స్థానాలు సరిపోవు. ఒక పోల్ 12 స్థానాల రోటరీ తీసుకుని, నట్టు కింద ఉండే ఆపే వాషర్‌ని ఐదో గాడిలో పెడితే ఐదు దగ్గరే ఆగుతుంది. స్టార్ట్ స్ప్రింగ్ రిటర్న్ రాదు, ఇంజన్ అందుకోగానే చేత్తో వెనక్కి తిప్పాలి. ఇది నచ్చనివాళ్లు నాలుగు స్థానాలకి కుదించి స్టార్ట్‌కి పక్కన పుష్ టు ఆన్ బటన్ పెట్టుకుంటారు.

ఎన్‌కోడర్లలో ఈసీ11 రకం పుష్కలంగా ఉంది. బుష్ 7 మి.మీ., మధ్య కాలు గ్రౌండ్, అటూ ఇటూ ఎ, బి. రెండోవైపు రెండు కాళ్లు నొక్కే బటనువి. తిప్పితే విలువ వెనక్కి పోతుంటే ఎ, బి మార్చండి. ఒక క్లిక్కుకి రెండేసి అంకెలు దూకుతున్నా, రెండు క్లిక్కులకి ఒకటే కదిలినా ఎన్‌కోడర్ చెడిపోయినట్టు కాదు, సాఫ్ట్‌వేర్‌లో ఎంచుకున్న డిటెంట్ (క్లిక్కు) రకం తప్పు. నాబు కొనేటప్పుడు ఇరుసు సగం కోసినదా, గీతల చక్రంలా ఉందా చూసి దానికి తగ్గది కొనాలి, ఒకటి రెండోదానికి ఎక్కదు. రేడియోలకి కావాల్సిన జంట నాబు ఎన్‌కోడర్ ఆన్‌లైన్‌లోనే.

లైట్లు: కొనడం తేలిక, ఒకేలా వెలిగించడం కష్టం

ముందుగా వద్దనాల్సింది: ఎలక్ట్రికల్ దుకాణాల్లో ‘ఇండికేటర్ ల్యాంప్’ అని ఇచ్చే 22 మి.మీ. దీపాలు. అవి ఎక్కువగా 230 వోల్టులవి, పంపు సెట్టు ప్యానెల్‌కి బాగుంటాయి, కాక్‌పిట్‌కి మరీ లావు. కావాల్సింది 3 లేదా 5 మి.మీ. ఎల్ఈడీ, డిఫ్యూజ్డ్ రకం, అంటే పాలరంగు తలకాయ ఉన్నది. మార్కెట్ నిండా నీళ్లలా తేటగా ఉండే హై బ్రైట్ రకమే. అది ఎదురుగా కన్ను పొడుస్తుంది, పక్కనుంచి చూస్తే వెలుగుతోందో లేదో తెలియదు. తేటవే దొరికితే తలని సన్నని ఎమెరీ కాగితంతో గరుకు చేసుకోవాలి.

రెసిస్టర్ లెక్క పాతదే: 5 వోల్టుల్లోంచి ఎల్ఈడీ వోల్టేజ్ తీసేసి కరెంటుతో భాగించడం. ఎరుపు, ఆంబర్ సుమారు 2 వోల్టులు, తెలుపు, నీలం, కొత్తరకం పచ్చ సుమారు 3 వోల్టులు. దుకాణంలో దేనికైనా 330 ఓమ్ ఇచ్చేస్తారు. వెలుగుతుంది, కానీ పచ్చ ఎరుపుని మింగేస్తుంది, ఎందుకంటే కంటికి పచ్చే అన్నిటికన్నా ప్రకాశంగా తోస్తుంది. ఎరుపు, ఆంబర్‌కి 470, హై బ్రైట్ పచ్చకి 2.2 కిలో ఓమ్ దగ్గర మొదలుపెట్టి చీకట్లో కూర్చుని సరిచూసుకోవాలి. ల్యాండింగ్ గేర్ మూడు పచ్చ దీపాలూ ఒకే ప్యాకెట్లోంచి తీయాలి. వేర్వేరు ప్యాకెట్లలో ఒకటి ఆకుపచ్చ, ఒకటి నీలంవైపు మొగ్గిన పచ్చ వస్తుంది.

737 కట్టేవాళ్లకి నీలం దీపాల చిక్కు ఉంది. ఇంజన్ వాల్వ్ క్లోజ్డ్, స్పార్ వాల్వ్ క్లోజ్డ్ దీపాలు వాల్వ్ మూసి ఉంటే మసకగా, కదులుతుంటే ప్రకాశంగా వెలుగుతాయి. క్రాస్‌ఫీడ్ దీపం వాల్వ్ తెరిచి ఉంటే మసక, కదులుతుంటే ప్రకాశం, మూస్తే ఆరిపోతుంది. రెండు మెట్ల వెలుగు కావాలన్నమాట. ఆర్డుయినో మెగా బోర్డులో 2 నుంచి 13, 44 నుంచి 46 పిన్నులకి పీడబ్ల్యూఎం (వెలుగుని తగ్గించి పెంచే సౌకర్యం) ఉంది, వాటికి కలిపితే నేరుగా వస్తుంది. షిఫ్ట్ రిజిస్టర్ (కొద్ది పిన్నులతో ఎక్కువ దీపాలు నడిపే చిప్పు) మీదయితే రెండు అవుట్‌పుట్లు ఒకే ఎల్ఈడీకి ఇవ్వాలి, ఒకటి 220 ఓమ్ మీదుగా, ఇంకోటి 4.7 కిలో ఓమ్ మీదుగా, రెండింటికీ వరసలో ఒక్కో 1ఎన్4148 డయోడ్. డయోడ్ లేకపోతే మసక వెలుగు అసలు రాదు, సున్నాలో ఉన్న రెండో అవుట్‌పుట్ ఆ కాస్త కరెంటునీ గ్రౌండుకి లాగేస్తుంది.

షిఫ్ట్ రిజిస్టర్ అంటే 74హెచ్‌సీ595. ఒక్కోదానికి ఎనిమిది దీపాలు, గొలుసుగా కలిపితే మెగా నుంచి మూడు పిన్నులే చాలు: 14వ కాలు డేటా, 12 లాచ్, 11 క్లాక్, గొలుసు ముందుకెళ్లేది 9వ కాలు నుంచి. 13వ కాలు గ్రౌండుకి, 10వ కాలు 5 వోల్టులకి కట్టాలి. ఈ రెండింటినీ గాలికి వదిలేస్తే చెయ్యి దగ్గరకి తెచ్చినా దీపాలు దయ్యం పట్టినట్టు మినుకుతాయి. ఒక్కో చిప్పు పక్కనే 104 సెరామిక్ కెపాసిటర్ 16, 8 కాళ్ల మధ్య ఉండాలి.

ఈ చిప్పు మొత్తం మీద 70 మిల్లీ ఆంపియర్లు దాటకూడదు. ఎరుపు ఎల్ఈడీకి 330 ఓమ్ పెడితే ఒక్కోదానికి 9 మిల్లీ ఆంపియర్లు, ఎనిమిది వెలిగితే 73. మామూలుగా ఎనిమిదీ ఒకేసారి వెలగవు కాబట్టి నెలల తరబడి బాగానే నడుస్తుంది. 737లో లైట్స్ టెస్ట్ స్విచ్చు వేయగానే ప్యానెల్లో ఉన్నవన్నీ ఒకేసారి వెలగాలి, తప్పు అప్పుడు బయటపడుతుంది. 470 ఓమ్‌తో ఎనిమిదికి 51 దగ్గర ఉంటుంది, నిశ్చింత. ఇలా అరవై దీపాలు కలిపితే 380 దాటుతుంది, బోర్డు వాడకం కూడా కలిస్తే మెగా మీద యూఎస్‌బీ ఫ్యూజు హద్దు 500కి దగ్గరపడతాం. అక్కడి నుంచి విడిగా 5 వోల్టుల అడాప్టర్ పెట్టాలి. అడాప్టర్ గ్రౌండునీ మెగా గ్రౌండునీ కలపాలి, 5 వోల్టుల తీగల్ని మాత్రం కలపకూడదు. మెగా గుండ్రటి సాకెట్లో 12 వోల్టులు ఇచ్చి దాని 5 వోల్టుల పిన్ను నుంచి దీపాలు నడపాలనుకుంటే, 300 మిల్లీ ఆంపియర్లకే రెగ్యులేటర్ రెండు వాట్లకి పైగా వేడిని మోయాలి. ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది.

ప్యానెల్ వెనక వెలుగుకి 12 వోల్టుల తెల్ల స్ట్రిప్ ఎస్‌పీ రోడ్డులో మీటర్ల లెక్కన దొరుకుతుంది. దాన్ని యూఎల్‌ఎన్2803 అనే చిప్పుతో ఆపి వెలిగించాలి. 1 నుంచి 8 లోపలికి, 18 నుంచి 11 బయటికి, 9 గ్రౌండ్. స్ట్రిప్ ప్లస్ నేరుగా 12 వోల్టులకి, మైనస్ చిప్పుకి. ఇక్కడ కూడా గ్రౌండ్లు కలపడం మరిచిపోతే ఏదీ వెలగదు.

అక్షరాలు వెలిగే గడులకి మార్కెట్లో రెడీమేడ్ ఏమీ లేదు, అందుకే లైట్లకి ఐదుకి రెండే. ఓహెచ్‌పీ షీటు మీద లేజర్ ప్రింటర్‌తో నల్లటి నేపథ్యంలో అక్షరాలు ఖాళీగా వదిలి, రెండు పొరలు ఒకదాని మీద ఒకటి పెడితే నలుపు చిక్కగా వస్తుంది. వెనక ఒక ట్రేసింగ్ పేపర్. గడుల మధ్య అడ్డుగోడలు త్రీడీ ప్రింట్ చేయించేటప్పుడు నల్ల ప్లాస్టిక్కే వాడాలి. తెల్లదానిలోంచి వెలుగు కారి, ‘ఆయిల్ ప్రెజర్’ వెలిగితే పక్కన ‘లో ఫ్యూయల్’ కూడా సగం వెలిగినట్టు కనబడుతుంది.

బోర్డు, వైర్లు

బోర్డు ఆర్డుయినో మెగా 2560. నకలు బోర్డులు కౌంటర్ కౌంటర్‌కీ ఉన్నాయి, అసలుదాని ధరలో కొంత భాగానికే. వాటి యూఎస్‌బీ చిప్పుకి కావాల్సిన సీహెచ్340 డ్రైవర్ వేసుకుంటే, ప్యానెల్‌ని సిమ్యులేటర్‌కి కలిపే మోబీఫ్లైట్ సాఫ్ట్‌వేర్‌తో హాయిగా నడుస్తాయి. మోబీఫ్లైట్ ఉచితం, ఎమ్‌ఎస్‌ఎఫ్‌ఎస్ (మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్), ఎక్స్-ప్లేన్, ప్రిపేర్3డీ అనే మూడు సిమ్యులేటర్లకీ పనిచేస్తుంది. స్విచ్చు ఒక కాలు పిన్నుకి, ఇంకోటి గ్రౌండుకి, అంతే, లోపలి పుల్-అప్ అదే చూసుకుంటుంది. 0, 1 పిన్నులు కంప్యూటర్‌తో మాటలకి, వాటిని ముట్టుకోవద్దు.

పిన్నులు చాలకపోతే 74హెచ్‌సీ165 ఎనిమిది స్విచ్చుల్ని చదువుతుంది. దీనికి మాత్రం లోపల పుల్-అప్ లేదు. ప్రతి ఇన్‌పుట్‌కీ 10 కిలో ఓమ్ పెట్టకపోతే తాకని స్విచ్చులు కూడా వాటంతటవే పడుతుంటాయి. ఎనిమిది రెసిస్టర్లు ఒకే పట్టీలో ఉండే తొమ్మిది కాళ్ల ఎ103జె అడగండి, చుక్క ఉన్న కాలు 5 వోల్టులకి.

ప్రో మైక్రో బోర్డు వేరే దారి. అది కంప్యూటర్‌కి జాయ్‌స్టిక్‌లా కనిపించేలా చేయొచ్చు. ఎనిమిది వరసలు, ఎనిమిది నిలువులు వేస్తే 16 పిన్నులకి 64 స్విచ్చులు, ప్రతి స్విచ్చుకీ ఒక 1ఎన్4148 తప్పనిసరి. టాగుల్స్ చాలా ఒకేసారి ఆన్‌లో ఉండే ప్యానెల్లో డయోడ్ లేకపోతే నొక్కని బటన్ నొక్కినట్టు చూపిస్తుంది. దాని మైక్రో యూఎస్‌బీ సాకెట్ కేబుల్ లాగితే ఊడివస్తుంది, కాబట్టి కేబుల్‌ని ప్యానెల్‌కి బిగించే వరకు నమ్మొద్దు. దీపాలు కూడా కావాలంటే మెగానే మేలు.

వైరులో ఎస్‌పీ రోడ్డుకి సాటి లేదు. స్విచ్చులకి 7/36 మల్టీస్ట్రాండ్, గ్రౌండుకీ 5 వోల్టులకీ 14/36. టెలిఫోన్ వైరు చవకే, ఒంటి తీగ కాబట్టి ప్యానెల్‌ని పదిసార్లు తెరిచి మూస్తే టంకం మొదట్లో తెగుతుంది. అన్ని స్విచ్చుల గ్రౌండ్ కాళ్లనీ ఒకే తీగతో వరసగా కలిపి, ఆ తీగ రెండు చివర్లనీ మెగా గ్రౌండుకి తెచ్చి కట్టండి. మధ్యలో ఒకచోట తెగినా ఏ స్విచ్చూ చావదు. మెగాకి గ్రౌండ్ పిన్నులు ఐదున్నాయి కాబట్టి చోటు కొదవలేదు. జంపర్ వైర్లు బల్ల మీద పరీక్షకే. ప్యానెల్లో అవి నెలకోటి వదులవుతుంటాయి. స్క్రూ టెర్మినల్ షీల్డ్ ఒకటి, ప్యానెల్ నుంచి బోర్డు దాకా ఎఫ్‌ఆర్‌సీ రిబ్బన్, ఒక్కో స్విచ్చుకి వైరు బిగించి అమ్మే రెలిమేట్లు, వీటి మీద డబ్బు పెట్టడం వృథా కాదు.

ప్యానెల్ మొహానికి 3 మి.మీ. తెల్ల ఓపల్ అక్రిలిక్. బూడిద రంగు మ్యాట్ పెయింట్ వేసి, ఆరాక లేజర్‌తో అక్షరాల మీద రంగు గీయిస్తే వెనక వెలుగు అక్షరాల్లోంచి మాత్రమే వస్తుంది. నల్ల అక్రిలిక్ కొని మీద స్టికర్లు అంటిస్తే రాత్రి ఫ్లైటులో ఏమీ చదవలేరు. లేజర్ కటింగ్ వాళ్లకి డీఎక్స్ఎఫ్ ఫైలు ఇవ్వండి, రంధ్రాల కొలతలు స్విచ్చులు చేతిలోకొచ్చాక వెర్నియర్‌తో కొలిచే రాయండి.

అన్నీ బిగించాక వచ్చే ఫిర్యాదు ఒకటే: ‘ల్యాండింగ్ లైట్ స్విచ్చు కింద ఉంది, సిమ్‌లో లైటు వెలుగుతోంది.’ వైరింగ్ తప్పు కాదు. సాఫ్ట్‌వేర్‌లో ‘టాగుల్’ అనే ఈవెంట్‌కి, అంటే ఆదేశానికి, కట్టడం వల్ల ప్రతి కదలికకీ ఉన్నది తిరగబడుతుంది, ఒకసారి తేడా వస్తే అలాగే సాగుతుంది. నొక్కినప్పుడు ఆన్, వదిలినప్పుడు ఆఫ్ అని విడివిడిగా ఇవ్వాలి. ఫ్లైటు మొదలయ్యేటప్పుడు స్విచ్చులు ఉన్న చోటుని సిమ్‌కి చెప్పడానికి మోబీఫ్లైట్‌లో రీట్రిగర్ స్విచ్చెస్ అనే పని ఉంది, దానికో బటన్ కేటాయించండి. మధ్యలో ప్యానెల్ మొత్తం ఉన్నట్టుండి మూగబోతే విండోస్ పవర్ సెట్టింగుల్లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ ఆపి చూడండి, తర్వాతే టంకాలు విప్పండి.

చెన్నైలో ఉన్నవాళ్లకి అన్నా సాలై పక్కన రిచీ స్ట్రీట్ ఉంది, పైన చెప్పిన టాగుల్, వైరు, ఐసీ మాటలన్నీ అక్కడా చెల్లుతాయి. రెండుచోట్లా ‘అమ్మిన సరుకు వాపసు లేదు’ అన్న బోర్డు వేలాడుతూనే ఉంటుంది, కాబట్టి మెగా బోర్డు కొనేటప్పుడు పనిచేయకపోతే మార్చి ఇస్తారా అని ముందే అడిగి, బిల్లు మీద రాయించుకోండి. లాకింగ్ టాగుల్స్, జంట నాబు ఎన్‌కోడర్లు, వెలిగే చదరపు బటన్లు ఆన్‌లైన్‌లో ముందే ఆర్డర్ పెట్టేయండి. అవి వచ్చి, కొలతలు తీసుకున్నాకే అక్రిలిక్ కోతకి ఇవ్వాలి.